చుక్కల గుండు

నేను హైదరాబాదుకు వచ్చిన కొత్తల్లో నా తలమీద జుట్టుండేది. నమ్మనివాళ్లకు చూపించడానికి ఒక పాత ఫొటో ఇప్పటికీ దాచుకున్నాను. అందులో నుదుటి మీద ఒక ఉంగరాల పాయ కూడా ఉంటుంది. ఆ పాయను నేనే అద్దం ముందు నిలబడి కిందికి లాగి ఉంటానని మా ఆవిడ అనుమానం. అనుమానం కాదు, నిజమే.

తొంభైల మొదట్లో కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి, ఆఫీసుకు దగ్గరని శాలిబండలో ఒక పాత ఇంటి మేడమీది వాటాలో దిగాం. కింద ఇంటివాళ్లు ఉండేవాళ్లు. చార్మినార్ పక్క సందులో వాళ్లకు తాతలనాటి బట్టల దుకాణం ఉంది. పదేళ్లు తిరిగేసరికి కింద బట్టల బేరం, పైన బట్టతల బాధ అన్నట్టు తయారైంది ఆ ఇల్లు.

జుట్టు పోయేవాడు చేసే పనులన్నీ నేనూ చేశాను. ఎడమ చెవి పైనున్న నాలుగు వెంట్రుకలను కుడి చెవి దాకా నడిపించాను. గాలి వస్తే అవి మళ్లీ స్వస్థలానికి వెళ్లిపోయేవి. తర్వాత కనుబొమలు దిద్దుకునే పెన్సిల్‌తో నడినెత్తిన గీతలు గీసుకున్నాను. ఆ తర్వాత చార్మినార్ దగ్గర డబ్బాలో అమ్మే నల్లపొడి దొరికింది. తలకు రంగు వేసుకోవడం అందరూ చేసేదే కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అందరూ జుట్టుకు వేస్తారు, నేను జుట్టు లేనిచోట వేశాను, అంతే తేడా.

ఆ పొడి ఒక రంజాన్ పండగనాడు నా పరువు తీసింది. మా సందు మొదట్లో టీ హోటలు నడిపే భాయ్ ఆరడుగుల మనిషి. తెల్లటి కుర్తా వేసుకుని ఎదురొచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. మూడుసార్లు అటూ ఇటూ మార్చి వాటేసుకుని వదిలేసరికి ఆయన కుర్తా రెండు భుజాల కిందా రెండు నల్లటి అర్ధచంద్రాలు ఏర్పడ్డాయి. నేను చూశాను. ఆయన చూడలేదు. చెప్పాల్సింది, చెప్పలేదు. సేమ్యా తిని వచ్చేశాను. మర్నాడు టీ పోస్తూ ఆయనే అన్నాడు, "నిన్న ఎవరో నా కుర్తాకు సుర్మా పెట్టి పోయిన్రు భాయ్!" అని. కంటికి పెట్టుకునే ఆ కాటుక మాట నా వైపు చూడకుండా అన్నాడు. ఆ చూడకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇక చెరిగిపోనిదేదైనా ఉందా అని వెతుకుతుండగా, రెండువేల దశకం సగం దాటాక, గాజుల దుకాణాల వెనక మేడమీద ఒక చిన్న గది గురించి తెలిసింది. పెళ్లికూతుళ్లకు సూది మిషన్‌తో కనుబొమలు తీర్చే అతను అక్కడుండేవాడు. గల్ఫ్‌లో ఆ పని నేర్చుకుని వచ్చానన్నాడు. నా తలను అటూ ఇటూ తిప్పి, పుచ్చకాయను చూసినట్టు చూశాడు.

"సాబ్, రెండు తీర్ల చెయ్యొచ్చు. ఉన్న జుట్టు నడుమ నడుమ చుక్కలు పెడితే పల్చగున్నది ఒత్తుగ కనిపిస్తది. గని మీకు నడుమ అనేదే లేదు. మీరు చుట్టున్నది గూడ గీయించుకోన్రి, నేను నెత్తంత సన్న సన్న చుక్కలు పెడత. నిన్ననే గుండు చేయించుకున్నట్టు కనిపిస్తది. బట్టతల అని ఎవ్వరనరు."

"నొప్పి ఉంటుందా?"

"చీమ కుట్టినట్టుంటది సాబ్."

చీమ అన్నాడు గానీ ఎన్ని చీమలో చెప్పలేదు. పట్టపగలు చుక్కలు చూపించడం అంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది. నాకైతే చూపించి ఊరుకోలేదు, అన్నీ నెత్తినపెట్టి పంపాడు. ఇంటికొస్తే మా ఆవిడ చాలాసేపు చూసి, "చుక్కలు పెట్టించుకున్నారుగా, ముగ్గు కూడా వేయించుకోవాల్సింది," అంది.

కానీ పని బాగానే చేశాడు. దగ్గరికొచ్చి చూసినా, గీసిన తలమీద అప్పుడే మొలవబోతున్న నీడలా ఉంది. ఇన్నేళ్లకు ఆ నలుపు నీలంలోకి దిగింది. తలనీలాలు అందరూ కొండమీద ఇచ్చివస్తారు, నేను తలమీదే పెంచుకుంటున్నాను. అది తర్వాతి సంగతి. అప్పటికి మాత్రం నా తల కొత్త సిరాతో నిగనిగలాడుతోంది. మొదటిసారి అరచేయి అడ్డుపెట్టుకోకుండా మెట్లు దిగాను.

కింద గేటు దగ్గర ఇంటావిడ ఉంది. ఆమెను మేం పెద్దమ్మ అనేవాళ్లం. భర్త పోయాక కొడుకు, కోడలు, మనవరాలితో ఉండేది. నన్ను చూడగానే చేతులు జోడించింది.

"గోవిందా, గోవిందా! తిరుపతికి పోయొచ్చినవా బిడ్డా? ఒక్కమాట చెప్పకపోతివి!"

"అంటే... పెద్దమ్మా..."

"మంచిగైందా దర్శనం? మస్తు మంది ఉన్నరా?"

"మంది ఉన్నారు పెద్దమ్మా," అన్నాను. తిరుపతిలో ఎప్పుడూ మంది ఉంటారు కదా. అలా నేను అబద్ధం ఆడకుండానే, ఆమె అనుకున్నదాన్ని ఆపకుండానే గేటు దాటాను.

"మరి లడ్డేది?" అని వెనకనుంచి అడిగింది.

"దొరకలేదు."

"దర్శనమిచ్చినోడు లడ్డియ్యలేదా!" అని నవ్వింది. దొరకలేదన్నది మాత్రం అచ్చమైన అబద్ధం.

గుండు అన్నాక మొలవాలి. కొన్నాళ్లకు ముళ్లలా లేవాలి, ఇంకొన్నాళ్లకు దువ్వెనకు అందాలి. ఈ సంగతి చుక్కలు పెట్టినవాడూ చెప్పలేదు, పెట్టించుకున్నవాడికీ తట్టలేదు. నిన్ననే గుండు చేయించుకున్నట్టు ఉంటుందన్నాడు. నిజమే, ఎప్పటికీ నిన్ననే. చుట్టూ మొలిచే కాస్త జుట్టునూ చుక్కలకు తగ్గట్టు రోజూ పొద్దున్నే స్నానాల గదిలో గీసుకునేవాణ్ణి. దాంతో మా సందువాళ్లకు ఒకటే అర్థం తోచింది. ఈ ఆంధ్ర సార్ నెలనెలా తిరుపతికి పోతున్నాడు.

"మావోళ్లు మక్కాకు ఉమ్రా పోయొస్తే ఒక్కపారి గుండు," అన్నాడు హోటలు భాయ్. "నువ్వేంది భాయ్, దేవుణ్ణి సుత నిద్రపోనియ్యవా?"

నల్లా దగ్గర నా బిందె కనిపిస్తే ఆడవాళ్లు పక్కకు జరిగేవాళ్లు, "సామిని నీళ్లు పట్టుకోనియ్యిన్రి," అని. ఆఫీసులో మా పై అధికారి ఏ వరసలో నిలబడితే త్వరగా దర్శనమవుతుందని అడిగాడు. నేను పేపర్లో చదివింది చెప్పాను. ఆయన వెళ్లొచ్చి, చాలా బాగా చెప్పావని మెచ్చుకున్నాడు. పెద్దమ్మ అయితే పొద్దున వాకిలి ఊడుస్తూ నేను మెట్లు దిగడం చూసి, చీపురు గోడకానించి, నా తలకేసి దండం పెట్టేది. మొదట్లో ఇబ్బందిగా నవ్వేవాణ్ణి. తర్వాత్తర్వాత తలవంచి అందుకునేవాణ్ణి. నా ఈ పద్ధతి మా ఆవిడకు నచ్చలేదు. "దేవుడికి చేరేవి మధ్యలో అందుకుంటున్నారు," అనేది. బస్సులో ఎవరికో ఇవ్వమన్న సీటులో నేను కూర్చున్నట్టుండేది నాకు కూడా. లేవాలని ఉంటుంది. లేవలేం.

అలా ఉండగా పెద్దమ్మ మనవరాలికి కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడి, పిల్ల ఆసుపత్రి మంచంమీద చీపురుపుల్లలా అయిపోయింది. పెద్దమ్మ ఆసుపత్రి వరండాలోనే కూర్చుంది. పిల్ల తేరుకుని ఇంటికొచ్చాక, ఒక శనివారం పొద్దున ఆ మోకాళ్లతో మా మెట్లు ఎక్కి వచ్చింది. అంతకుముందు ఆమె మేడమీదికి వచ్చింది తక్కువ. చేతిలో పసుపు పూసిన గుడ్డతో కట్టిన ముడుపు ఉంది.

"పిల్ల లేస్తె నా జుట్టిస్తనని మొక్కిన బిడ్డా. దుకాణంల కత్తెరతోని మూడు కత్తెర్లు ఏసిన. ఇగో."

పెద్దమ్మ జుట్టు మా సందంతా తెలిసిందే. అరవై దాటినా మోకాళ్ల దాకా ఉండేది. కుంకుడుకాయ స్నానం చేసి వాకిట్లో ఆరబెట్టుకుంటే, అదేదో దండెం మీద ఆరేసిన చీర అనుకునేవాళ్లు కొత్తవాళ్లు. మూడు కత్తెర్లంటే కొసలు మూడుచోట్ల కత్తిరిస్తారు ఆడవాళ్లు. ఆమె కొసలు కత్తిరించలేదు. భుజాల దగ్గర వేసింది కత్తెర.

"అక్కడికెళ్లి ఇవ్వాలి కదా పెద్దమ్మా?"

"నా మోకాళ్లు జూస్తలేవా? కొడుకునడిగితె దసర గిరాకి కానియ్యమంటడు. దసరైనంక పెండ్లిళ్ల గిరాకంటడు. మొక్కు ఉట్టిగ ఉంటదా? పిల్లకు మళ్ల ఏమన్నైతే? నువ్వెట్లైన నెలనెల పోతవు. నీ చేత్తోని ఏస్తే నేనేసినట్టే. నీ చెయ్యి ఆయనకెర్క."

ముడుపును కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగిపోయింది. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉంది. నేను ముడుపును దేవుడి గూట్లో పెట్టబోతే, "అక్కడ పెట్టకండి," అంది. "నేను రోజూ దాని ముందు దీపం పెట్టలేను."

బీరువాలో పెట్టాను. నా చొక్కాల పక్కన అది ఉండటం బాగాలేదు. తీసి కిటికీలో పెట్టాను. కిటికీలో ఎండ పడుతుందని మళ్లీ తీశాను. అరచేతిలో పట్టే ఆ మూటకు మా వాటాలో ఎక్కడా చోటు దొరకలేదు. తలకొట్టేసినట్టుంది అంటారే, నాకు అంతకన్నా ఎక్కువైంది. కొట్టేస్తే తలైనా ఉండదు, ఇది ఉండి చుక్కలతో మెరుస్తోంది. ఆమె నిజంగా ఉన్న జుట్టు తీసి ఇచ్చింది, నా తలమీద లేని జుట్టును చూసి.

గుట్టుగా వెళ్లి వేసి వచ్చేద్దామనుకున్నాను ముందు. రైలు టిక్కెట్టు కూడా తీశాను. ఎవరికీ తెలియదు, మొక్కు తీరుతుంది, నా అబద్ధమూ ఆలస్యంగానైనా నిజమైపోతుంది. టిక్కెట్టు జేబులో పెట్టుకుని ఇంటికొస్తుంటే పెద్దమ్మ అరుగుమీద మనవరాలికి అన్నం తినిపిస్తోంది. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉందని నుదురు పట్టి పట్టి చూస్తోంది. టిక్కెట్టు తీశానని చెప్పాను. "నువ్వు ముడుపేసొచ్చేదాంక నా మనసు నిమ్మలం గాదు బిడ్డా. నీ మీదనే భారమేసిన," అంది.

మెట్లెక్కుతూ ఆలోచించాను. ఆమె భారం వేసింది నామీద కాదు. నెలనెలా కొండెక్కి వచ్చే ఒక భక్తుడి మీద వేసింది. అలాంటివాడు మా ఇంట్లో లేడు. లేనివాడికిచ్చినదాన్ని నేనెలా మోసుకుపోను? నేను దారిలో ఉండగా ఇక్కడ పిల్లకు మళ్లీ జ్వరమొస్తే, ముడుపు దొంగచేతుల మీదుగా పోవడం వల్లేనని నాకు తప్ప ఎవరికీ తెలియదు. అదే నా భయం.

మర్నాడు ఆదివారం. పెద్దమ్మ వాకిట్లో తలారబెట్టుకుంటోంది. కత్తిరించినచోట జుట్టు మెట్లుమెట్లుగా ఉంది. నేను ముడుపు తీసుకుని వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"పెద్దమ్మా, నేను తిరుపతి పోలేదు."

"పోకుంటె ఏమాయె? టికెట్ తీసిన అంటివి గద."

"ఎప్పుడూ పోలేదు. పెళ్లైన కొత్తల్లో ఒక్కసారి పోయాం, అంతే. ఈ గుండు అక్కడిది కాదు."

"సెలూన్ల గీకిచ్చుకున్నవా?"

"గీకడానికి నెత్తిమీద ఏమీ లేదు పెద్దమ్మా. ఇవి సూదితో పెట్టిన చుక్కలు. పచ్చబొట్టు లాంటివి."

ఆమెకు అర్థం కాలేదు. వంగమన్నట్టు చెయ్యి ఊపింది. వంగాను. పక్కనున్న చెంబులో వేలు ముంచి నా నడినెత్తిన రుద్దింది. కొంగుతో రుద్దింది. గోటితో గీకింది.

"పోతలేదు!"

"పోదు."

"పచ్చబొట్టా! నెత్తిమీదనా! మా అమ్మ చేతిమీద తేలుబొమ్మ పొడిపిచ్చుకుంటెనే మూడొద్దులు జరమొచ్చింది. ఎంత నొచ్చిందో బిడ్డా నీకు!"

తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. జాలిపడుతుందనుకోలేదు. నా కళ్లు నేలమీదినుంచి లేవలేదు. ఆమె చెయ్యి నా తలమీద కాసేపు అలాగే ఉంది. ఏదో తట్టినట్టు తీసేసింది.

"మరి నేను రోజు పొద్దుగాల నీ తలకాయ జూసి దండం పెట్టిన గద. గా దండాలన్ని ఏడికి పోయినయ్?"

చేతిలోని ముడుపును అటూ ఇటూ తిప్పాను.

"జెప్పు, ఏడికి పోయినయ్?"

"నాకే వచ్చాయి పెద్దమ్మా."

"ఉంచుకున్నవా?"

నేను ముడుపు ఆమె ముందు పెట్టాను. కొడుకును పంపమనో, ఇంకెవరి చేతనైనా పంపమనో చెప్పబోయాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఇచ్చిన ముడుపు మళ్లీ చేతిలోకి తీసుకోరట. తీసుకుంటే మొక్కు వెనక్కి తీసుకున్నట్టేనట.

"నువ్వే పోవాలె. నీదీ ఇచ్చి, నాది ఇయ్యాలె."

"నాకేముంది పెద్దమ్మా ఇవ్వడానికి?"

ఆమె వేలితో నా ఒక చెవి మీదినుంచి మెడ వెనకగా రెండో చెవి దాకా గీత గీసింది. "గీడ మొలుస్తది గద. పొద్దుగాల బాత్రూంల గరగర గీకుతవు. నీళ్లు పోయే మోరిలకెల్లి రోజు వస్తనే ఉన్నయి సన్న సన్న ఎంటికలు. ఎవరియో అనుకున్న. మొలవనియ్యి. మొలిచినంక పో."

"చుట్టూ మొలిస్తే... నడుమ మొలవదు పెద్దమ్మా. అందరికీ తెలిసిపోతుంది."

"ఆఁ," అంది ఆమె, జుట్టు ముడివేసుకుంటూ. "తెలుస్తది."

టిక్కెట్టు వాపసు ఇచ్చేశాను. కత్తి తీసి మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె దాన్ని ఎక్కడ దాచిందో నేను అడగలేదు.

వారం తిరక్కుండానే నా తల చుట్టూ గడ్డి మొలిచింది. అందులో సగం తెలుపు. నడుమ మాత్రం నిన్ననే గుండు చేయించుకున్న నున్నటి నేల. నెల తిరిగేసరికి అది ఎలా ఉందంటే, ఎవరో నా తల చెక్కుతూ మధ్యలో భోజనానికి లేచిపోయినట్టుంది. టోపీ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే పెద్దమ్మ ఏమీ అనేది కాదనుకుంటాను. పెట్టుకోలేదు.

హోటలు భాయ్ ఒకనాడు టీ పోస్తూ పోస్తూ ఆగిపోయాడు. నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏంది భాయ్ గిది? చుట్టు చెట్లు, నడుమ పరేడ్ గ్రౌండ్!"

చెప్పాను, ఉన్నదున్నట్టు. కాసేపు నోరు తెరిచి చూసి, బల్ల మీద అరచేత్తో కొట్టి కొట్టి నవ్వాడు. "అయితే రంజాన్‌నాడు నా కుర్తాకు సుర్మా పెట్టింది..."

"నేనే."

"మా ఇంటామె నన్ను మూడొద్దులు అడిగింది భాయ్, ఎవతి కండ్లవి అని!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వాలో క్షమించమనాలో తెలియక రెండూ సగం సగం చేశాను.

నల్లా దగ్గర నా బిందె కనిపిస్తే ఎవరూ జరగడం లేదిప్పుడు. "సామీ, లైన్ల నిలబడు," అని ఒకావిడ అంటే మిగతావాళ్లు కొంగులు అడ్డుపెట్టుకున్నారు. ఆఫీసులో నాతో మాట్లాడేటప్పుడు అందరి చూపులూ నా కనుబొమలకు కొంచెం పైన ఆగేవి, అంతే. పై అధికారి మాత్రం దర్శనం వరస గురించి నేను చెప్పింది ఎక్కడిదని ఒకసారి మెల్లగా అడిగాడు.

పెద్దమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదని నాకు తెలుసు. పొద్దున నేను మెట్లు దిగుతుంటే చూసేది, పాదు పెట్టిన తీగ ఎంత పాకిందో చూసుకున్నట్టు. దండం పెట్టేది కాదు. చీపురు ఆపేది కూడా కాదు. ఆ చీపురు చప్పుడు నేను సందు మలుపు తిరిగేదాకా వినిపించేది.

చెవుల మీద జుట్టు దువ్వెనకు అందిన తర్వాత ఒకనాడు, "ఇగ పో," అంది.

కొండమీద తలనీలాలిచ్చే హాల్లో నన్ను కూర్చోబెట్టుకున్నతను వయసులో నాకన్నా చిన్నవాడు. తల తడుపుకోమన్నాడు. చుట్టూ గీసేశాడు. నడుమకొచ్చేసరికి ఒకసారి గీసి, బొటనవేలితో తడిమి, మళ్లీ గీశాడు. "పోవట్లేదే సామీ!" అని ఇంకో పక్కనుంచి మొదలుపెట్టబోయాడు.

"అవి పోవండీ, వదిలెయ్యండి."

వంగి దగ్గరగా చూసి, కత్తి కడుక్కున్నాడు. నేను ముడుపు చూపించి, ఇంటిదగ్గర కత్తిరించినవి, నడవలేని పెద్దావిడవి అన్నాను. గీసిన జుట్టు పడే తొట్టి చూపించి, ఇందులోనే వేసెయ్యండన్నాడు. విప్పాను. కుంకుడుకాయల వాసన వచ్చింది. నా నెరిసిన తుక్కు మీద ఆమె నల్లటి పాయలు మూడు పడ్డాయి. వెనక నిలబడ్డ మనిషి గోవిందా అంటూ ముందుకు జరిగాడు. నేను లేచాను.

శాలిబండలో బస్సు దిగేసరికి నా తల మళ్లీ మొదట ఎలా ఉందో అలాగే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. "ఈపారి ఏ దుకాణంల చేయిచ్చినవ్ భాయ్?" అని హోటల్లోంచి కేక. "తిరుపతి," అన్నాను. లోపల కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. నవ్వరూ మరి?

పెద్దమ్మ అరుగుమీద ఉంది. లడ్డు పొట్లం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాక గాని నాకు తట్టలేదు, ఆమెకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదని. లడ్డు ఎవరైనా తెచ్చివ్వగలరు. గుండు సరేసరి. ముడుపును దార్లో మూసీలో పడేసి, రెండు రోజులు ఏ లాడ్జిలోనో పడుకుని వచ్చినా నేను ఇలాగే ఉంటాను.

"ఇచ్చినవా?"

"ఇచ్చాను పెద్దమ్మా."

ఆమె లడ్డు అందుకోలేదు. "ఎట్ల ఇచ్చినవు? జెప్పు."

అంతా చెప్పాను. నీళ్లు, కత్తి, బొటనవేలు, నావి కింద, ఆమెవి పైన. ఆమె కళ్లు మూసుకుని విన్నది. నమ్ముతోందో లేదో తెలియలేదు. చెప్పడం అయిపోయింది. ఇంకొకటి ఉంది, అది చెప్పకూడదనుకున్నాను. రైల్లో పొద్దంతా అదే ఆలోచించాను.

"ఒకటి మిగిలిపోయింది పెద్దమ్మా. నా చెయ్యి తడిగా ఉంది కదా, చొక్కా చేతికి అంటుకుని వచ్చింది. రైలెక్కాక చూశాను. కిటికీలోంచి పారెయ్యడానికి చేతులు రాలేదు."

జేబులోంచి కాగితం మడత తీసి విప్పాను. పొడవాటి ఒక్క వెంట్రుక. ఆమె కళ్లు తెరిచి, దాన్ని రెండువేళ్లతో పట్టుకుని వెలుగుకు ఎత్తి చూసింది.

"నాదే," అంది.

తర్వాత లడ్డు తీసుకుంది. మనవరాలిని పిలిచి తుంచి నోట్లో పెట్టింది. పిల్ల బుగ్గలు నిండాయి. కామెర్ల తాలూకు పసుపు కళ్లలో ఎక్కడా లేదు. పెద్దమ్మ వెంట్రుకను మళ్లీ కాగితంలో పెట్టి, మడిచి, నా అరచేతిలో ఉంచింది.

"అయితే నువ్వు మళ్ల పోవాలె."

"పోతాను పెద్దమ్మా," అన్నాను. ఇప్పటికైనా నా మాట నమ్మిందా అని ఆమె ముఖంలోకి చూశాను. ఆమె పిల్ల మూతి తుడుస్తోంది. గాలికి ఆ కాగితం ఎక్కడ ఎగిరిపోతుందోనని పిడికిలి బిగించుకుని మెట్లెక్కాను.